ఊళ్ళోనే ఉంటాం, పొయ్యి మాత్రం వెలిగించం

అందరికీ నమస్కారమండి. మే 11 నుంచి 20 దాకా మా పూతరేకుల దుకాణం మూసి ఉంటుంది. పార్సిళ్ళు కూడా పంపం. ఈ మాట చెప్పిన దగ్గర్నుంచి ఫోన్ చేసిన ప్రతి ఒక్కరూ "ఎక్కడికెళ్తున్నారమ్మా?" అని అడుగుతున్నారు. ఎక్కడికీ వెళ్ళట్లేదండి. ఆత్రేయపురంలోనే, మా ఇంట్లోనే ఉంటాం. అది వినగానే ఇంకో ప్రశ్న: "ఊళ్ళోనే ఉండి దుకాణం మూయడమెందుకు? ఒక్క పది రేకులు చుట్టివ్వలేరా?"

అడిగినవాళ్ళ మీద నాకేం కోపం లేదు. తిరుపతి వెళ్తున్నామంటే "మా పేరున కూడా ఓ దణ్ణం పెట్టండి" అని ఫోన్ పెట్టేస్తారు. ఇంట్లో ఉంటామంటే మాత్రం అది సెలవులా అనిపించదు. మొన్నటిదాకా మేమూ అలాగే అనుకునేవాళ్ళం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

పోయినేడు వేసవిలో ఆరు రోజులు ఊటీ వెళ్ళాం. దుకాణం మూయలేదు. పని అంతా రేకులు తీసే అక్కలకు అప్పజెప్పి బయల్దేరాం. అక్కడ చెరువు దగ్గర పిల్లలు పడవ ఎక్కితే నేను ఒడ్డున నిలబడి కొరియర్ అబ్బాయితో మాట్లాడుతున్నాను. మూడో రోజు, ఇంట్లో కాచిన నెయ్యి అయిపోయిందని ఫోన్ వచ్చింది. "బయట కొనేయండి" అన్నాను. ఆ నెయ్యి బాగాలేదు. హైదరాబాద్‌లో ఒక సీమంతానికి పంపిన నాలుగు డబ్బాలు మూత తీయగానే వాసన వచ్చాయట. డబ్బు తిరిగిచ్చాం, కొత్తవి కూడా పంపాం. కానీ అవి చేరేసరికి సీమంతం అయిపోయింది. ఆ తప్పు అక్కలది కాదు. వాసన చూసే మనిషి లేకుండా కొనమన్నది నేను. ఆ ఇంటివాళ్ళకు ఇంకోసారి క్షమాపణ చెప్పుకుంటున్నాను.

తిరిగొచ్చాక ఇంకో సంగతి తట్టింది. మేం చల్లటి కొండ మీద తిరుగుతుంటే, ఆ ఆరు రోజులూ వాళ్ళు రోహిణి కార్తె ఎండలో కుండ ముందు కూర్చున్నారు.

రేకు తీయడం చూడనివాళ్ళ కోసం చెప్తాను. జయ రకం బియ్యం నానబెట్టి, మెత్తగా రుబ్బి, పాలంత పల్చగా కలుపుతాం. కుండ బోర్లించి, దాని కింద ఎండు కొబ్బరాకు మంట పెడతాం. పల్చటి గుడ్డని ఆ పిండిలో ముంచి, కాలిన కుండ మీద ఒక్క ఊపులో పరిచి లాగేయాలి. క్షణాల్లో రేకు లేస్తుంది. మంట ఎక్కువైతే మాడిపోతుంది, తగ్గితే అంటుకుపోతుంది. అందుకని ఒక చేత్తో ఆకు ఎగదోస్తూనే ఉండాలి. ఫ్యాను పెట్టుకుందామంటే మంట చెదిరిపోతుంది, తీసిన రేకు ఎగిరిపోతుంది. మా దగ్గర అందరికంటే పాత మనిషిని మేం పెద్దక్క అంటాం. ఆవిడ కుడి చేతికి మణికట్టు నుంచి మోచేయి దాకా ఒక్క వెంట్రుక ఉండదు. ఏళ్ళ తరబడి సెగకు కాలిపోయాయి. 2023లో మా ఊరి పూతరేకులకు జీఐ గుర్తింపు (ఈ సరుకు ఈ ఊరిదే అని చెప్పే భౌగోళిక గుర్తింపు) వచ్చినప్పుడు ఊరంతా సంతోషించాం. ఆర్డర్లూ పెరిగాయి, పెద్దక్క కుండ ముందు కూర్చునే గంటలూ పెరిగాయి.

అందుకే ఈసారి పొయ్యే ఆర్పేస్తున్నాం. ఊటీకి మాకు 46 వేలు ఖర్చయింది. ఐదుగురు అక్కలకూ పది రోజుల కూలీ లెక్కేస్తే 25 వేలు. అది ముందే చేతికిచ్చేస్తున్నాం. మిగిలిన డబ్బుతో రేకుల పాకకి పైన వేడి, పొగ పోయేలా కప్పు ఎత్తు పెంచుతున్నాం. పెళ్ళిళ్ళ రోజుల్లో మూస్తున్నందుకు బేరం పోతుంది, నిజమే. అది తెలిసే మూస్తున్నాం.

ఇంట్లో ఉండి ఏం చేస్తారని పిల్లలే అడిగారు. మా ఇంటి నుంచి వాడపల్లి ఎంత దూరమని! ఏడు శనివారాల మొక్కు తీర్చుకోవడానికి ఎక్కడెక్కడి నుంచో జనం వెంకన్న దగ్గరికి వస్తారు. వాళ్ళు వచ్చే శనివారమే మాకు బేరం, కాబట్టి దుకాణం పెట్టిన 11 ఏళ్ళలో శనివారం నాడు ఆ స్వామి దర్శనం నాకు ఒక్కసారి కూడా కాలేదు. ఈసారి వెళ్తాను, అత్తయ్యగారిని కూడా తీసుకుని. ర్యాలి గుడి కూడా మా మండలంలోదే. ఒకే రాతిలో ముందువైపు కేశవస్వామి, వెనకవైపు జగన్మోహిని. ఆ వెనకవైపు జడముడి చెక్కిన తీరు పిల్లలకు దగ్గరుండి చూపించాలి. మే 15 కాటన్ దొర జయంతి, ఆ రోజు ధవళేశ్వరం మ్యూజియంకి వెళ్తాం. అక్కడ గోదావరి మీద ఆయన ఆనకట్ట కట్టింది 1847 నుంచి 1852 దాకా. మా పొలానికి నీళ్ళు ఎక్కణ్ణుంచి వస్తాయో మావాడికి ఇంతవరకూ తెలీదు. ఇప్పుడు కాలువలకు నీళ్ళు ఆపేశారు కదా, మా దగ్గర కాలువ మీదున్న లొల్ల లాకుల దగ్గర నిలబెట్టి చెప్తే ఇంకా బాగా అర్థమవుతుంది. మిగతా రోజులు ఆవకాయ, ముంజలు, మధ్యాహ్నం నిద్ర.

ఇప్పటికే ఒప్పుకున్న ఆర్డర్లన్నీ మే 10 సాయంత్రంలోగా పంపేస్తాం. డబ్బు కట్టి తేదీ మార్చుకోలేనివాళ్ళు చెప్పండి, మొత్తం వెనక్కి ఇస్తాం. ముందే తీసుకుని దాచుకుందామనుకునేవాళ్ళకు ఒక మాట: తడి తగలనివ్వకండి, వారంలోపే తినేయండి. ఆ పది రోజులూ ఫోన్ ఎత్తను, మెసేజ్ పెడితే 21న చూస్తాను. తెలియక గుమ్మం దాకా వచ్చినవాళ్ళు మొహమాటపడకుండా తలుపు కొట్టండి. రేకులు ఉండవు గానీ మజ్జిగ ఇస్తాం.

20వ తేదీ సాయంత్రం వెన్న కాచేది నేనే. 21 పొద్దున్న కుండ పెడతాం, 22న మొదటి పార్సిళ్ళు బయల్దేరతాయి.