బంగారం వార్తలో వదిలేసిన అసలు సంగతి

సంపాదకులకు నమస్కారం.

జెనీవా దగ్గర ఉన్న సెర్న్ ప్రయోగశాలలో సీసం బంగారంగా మారిందన్న వార్త 2025 మేలో వచ్చింది. మన పత్రికలూ టీవీలూ దాన్ని తులం ధరతో ముడిపెట్టి, నాలుగు జోకులు వేసి వదిలేశాయి. మొన్న మీ ఆదివారం అనుబంధంలో మళ్లీ అదే ధోరణిలో ఒక వ్యాసం చూశాక ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ముందు ఆ బంగారం లెక్క చూద్దాం. 2015–18 మధ్య అక్కడ పుట్టిన బంగారు కేంద్రకాలు సుమారు 8,600 కోట్లు. వినడానికి పెద్ద సంఖ్యే కానీ, తూస్తే గ్రాములో లక్ష కోట్లో వంతులు ఓ 29 ఉంటాయంతే. అవీ పుట్టిన మరుక్షణమే చెదిరిపోయాయి. జనరల్ బజారు వర్తకులు నిశ్చింతగా ఉండొచ్చు. పైగా అవి సీసం కేంద్రకాలు ఢీకొనడం వల్ల వచ్చినవి కూడా కావు. రెండు సీసం కేంద్రకాలు తగలకుండా ఒకదాని పక్కనుంచి ఒకటి దూసుకుపోతున్నప్పుడు, విద్యుదయస్కాంత క్షేత్రం దెబ్బకు ఒకదాంట్లోంచి మూడు ప్రోటాన్లు ఊడిపడ్డాయి. సీసంలోని 82 ప్రోటాన్లలో 3 పోతే 79. అదే బంగారం.

మరి నిజంగానే ఢీకొంటే ఏమవుతుంది? నన్నడిగితే రాయాల్సింది దాని గురించే. జర్మనీలో డార్మ్‌స్టాట్ అనే ఊళ్లో జీఎస్ఐ అనే ప్రయోగశాల ఉంది. అక్కడ బంగారు కేంద్రకాలను కాంతి వేగంలో నాలుగింట మూడు వంతులకు పైగా వేగంతో ఇంకో బంగారు రేకు మీదికి పంపారు. రెండు కేంద్రకాలు అంచులు రాసుకుంటే, తగిలిన భాగం కోసుకుపోతుంది. మిగిలిన భాగం విపరీతంగా వేడెక్కి ముక్కలైపోతుంది. మనం ఇంటర్‌లో చదువుకున్న యురేనియం విచ్ఛిత్తిలో కేంద్రకం రెండుగా చీలుతుంది. ఇక్కడ అలా కాదు, హీలియం, లిథియం, కార్బన్ లాంటి చిన్నా పెద్దా ముక్కలు ఒక్కసారే బయటికొస్తాయి.

అంత చిన్నదాని వేడి కొలవడానికి థర్మామీటరు ఎక్కడ పెడతారు? బయటికొచ్చిన హీలియం, లిథియం ఐసోటోపులు (ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు) ఏ నిష్పత్తిలో ఉన్నాయో లెక్కపెట్టి, దాన్నుంచి ఉష్ణోగ్రత రాబట్టారు. 1995లో ప్రకటించిన ఫలితం ఇది: శక్తి పెంచుతూ పోతే మొదట ఉష్ణోగ్రత పెరిగింది. తర్వాత ఎంత శక్తి ఇస్తున్నా దాదాపు ఒకేచోట నిలిచిపోయింది. ఆ తర్వాత మళ్లీ పైకి లేచింది. పొయ్యి మీద నీళ్లు మరిగేటప్పుడు, మంట ఎంత పెంచినా 100 డిగ్రీలు దాటకపోవడం లాంటిదే ఇది. కేంద్రకం ఒక ద్రవపు బొట్టులా ప్రవర్తిస్తుంది, ఆ ద్రవం ఆవిరవుతోందన్నమాట! అది నిలిచిన చోటు సుమారు 5,800 కోట్ల డిగ్రీలు, అంటే సూర్యుడి నడిబొడ్డుకు దాదాపు నాలుగు వేల రెట్లు. చివర్లో మళ్లీ లేచిన భాగం మీద శాస్త్రవేత్తల మధ్య చాలా వాదనలే నడిచాయి. అవి కూడా పాఠకులకు చెప్పదగ్గవే.

ఒక కేంద్రకం పగిలి ఇంకోదాన్ని పగలగొడుతూ పోయే గొలుసు చర్య ఇందులో ఏమీ లేదు. యంత్రం ఆపితే ఢీకొనడమూ ఆగిపోతుంది. 'కేంద్రకం పగిలింది' అనగానే బాంబు గుర్తొచ్చేవాళ్ల కోసం ఈ ముక్క.

ఆ డార్మ్‌స్టాట్‌లోనే ఇప్పుడు ఫెయిర్ అనే కొత్త యాక్సిలరేటర్ (కణాలను మహా వేగంతో పరుగెత్తించే యంత్రం) కడుతున్నారు. భారత్ అందులో భాగస్వామి. దాని అయస్కాంతాలకు తేడా రాకుండా కరెంటు అందించే పవర్ కన్వర్టర్లు మన హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్‌లో తయారయ్యాయి. ఈసీఐఎల్ అంటే సిటీలో చాలామందికి ఒక బస్టాపు. ఆ సంస్థను నిలబెట్టిన అయ్యగారి సాంబశివరావు గారి పేరు మా కాలనీకి ఉంది కాబట్టి మాకు కాస్త ఎక్కువ తెలుసు, అంతే.

2019లో నల్లమల అడవిలో యురేనియం తవ్వకాల గొడవప్పుడు ఇటు అటు మాట్లాడినవాళ్లలో యురేనియం గురించి నాలుగు వాక్యాలు సరిగ్గా చెప్పగలిగినవాళ్లు నాకు పెద్దగా కనిపించలేదు. తప్పు వాళ్లది కాదు. తెలుగులో వాళ్లకెవరు చెప్పారు? పోటీ పరీక్షల బిట్లకు పేజీలకు పేజీలు ఇస్తారు, దీనికి మాత్రం చోటుండదు.

నా విన్నపాలు రెండే. నెలకు అరపేజీ ఇలాంటి విషయాలకు కేటాయించి, ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీ ఫిజిక్స్ అధ్యాపకుల చేత తెలుగులో రాయించండి. ఫిబ్రవరి 28న, సైన్స్ దినోత్సవం నాడు, ప్రభుత్వ జూనియర్ కాలేజీల పిల్లలను పిలిచి ఆ కన్వర్టర్ల గురించి చెప్పమని ఈసీఐఎల్ వారిని మీ పత్రిక తరఫున అడగండి. భద్రత కారణాల వల్ల లోపలికి రానివ్వకపోతే, బయట ఏ హాల్లోనైనా సరే.

మొదటి వ్యాసం రాయడానికి ఎవరూ దొరక్కపోతే నేను రాస్తాను. పారితోషికం అక్కర్లేదు. అచ్చువేసే ముందు ప్రూఫు మాత్రం ఒకసారి నాకు చూపించండి.

– ఒక విశ్రాంత ఫిజిక్స్ లెక్చరర్,
ఏఎస్ రావు నగర్, హైదరాబాద్