జీవో నంబరు కూడా అచ్చు వెయ్యండి సార్

ఎడిటర్ గారికి నమస్కారం.

కావలిలో నాది చిన్న నెట్ సెంటర్. పొద్దున షట్టర్ ఎత్తేసరికి పేపర్ కటింగ్ చేత్తో పట్టుకుని ఎవరో ఒకరు నిలబడి ఉంటారు. "అబ్బయ్యా, ఇది ప్రింట్ తీసియ్యి" అంటారు. కటింగ్‌లో చూస్తే 'ప్రభుత్వం ఉత్తర్వులు జారీ చేసింది' అని ఉంటుంది. ఏ శాఖ, ఏ నంబరు, ఏ తేదీ? ఏమీ ఉండదు. మీకు నాలుగు లైన్ల వార్త, నాకు ముప్పావుగంట వెతుకులాట.

పోయిన నెల విడవలూరు నుంచి ఒక పెద్దాయన రొయ్యల చెరువు రిజిస్ట్రేషన్ ఫారం కావాలని వచ్చాడు. అంతకుముందే ఫోన్‌లో మాట్లాడి వెతికించాడట, వచ్చినవన్నీ యూట్యూబ్ వీడియోలు, 'మేం చేసి పెడతాం' అనే ఏజెంట్ల సైట్లు, వాటి మధ్యలో ఎక్కడిదో ఒక పాత ఫారం. దాన్నే నింపి ఒక ఆఫీసులో ఇస్తే ఇది చెల్లదు పొమ్మన్నారు, ఏది చెల్లుతుందో మాత్రం చెప్పలేదు. సముద్ర తీరంలో రొయ్యల చెరువుల రిజిస్ట్రేషన్ చూసే కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం 2005లో వచ్చింది, 2023లో దాన్ని సవరించారు, నెట్‌లో మాత్రం పాతవీ కొత్తవీ ఒకే వరసలో కూర్చుని ఉంటాయి.

నేను ఆయన ముందే చేసి చూపించాను. గూగుల్‌లో చట్టం పేరు ఇంగ్లీషులో కొట్టి దానికి అటూ ఇటూ డబుల్ కోట్స్ పెట్టాను, అంటే ఆ మాటలు అదే వరసలో ఉన్న పేజీలే కావాలని. తర్వాత సైట్ అనే మాట, కోలన్, జీఓవీ డాట్ ఇన్. దాంతో సర్కారు సైట్లే మిగిలాయి, ఏజెంట్లందరూ ఒక్క దెబ్బకు మాయం. ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్ అంటే ఫారాలు, ఉత్తర్వులు విడిగా వస్తాయి. చివర ఆఫ్టర్ కోలన్ 2023, అంటే ఆ ఏడాది నుంచి వచ్చినవే కావాలని. ఇవన్నీ ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి, కోలన్ తర్వాత గ్యాప్ ఇవ్వకూడదు, ఇస్తే అది మామూలు మాట అయిపోతుంది. మా దగ్గరికొచ్చే డిగ్రీ పిల్లలు కూడా అక్కడే తప్పు చేస్తారు. ఇంకోటి, గూగుల్ చూపించే తేదీని గుడ్డిగా నమ్మకూడదు, పీడీఎఫ్ తెరిచి పై తేదీ చూసుకోవాలి.

మైనస్ గుర్తు సంగతి ఇంకా తమాషా. నెల్లూరు పశువుల మీద ఏదో స్కీము ఉందని ఒకాయన అడిగితే వెతికాను, బ్రెజిల్ ఆవులు వచ్చాయి! మన ఒంగోలు జాతే అక్కడ నెలోర్ అనే పేరుతో స్థిరపడింది కదా. మైనస్ పెట్టి దానికి ఆనించి బ్రెజిల్ అని కొడితే అవి పోయాయి.

కందుకూరు వాళ్లది వేరే తలనొప్పి. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు మార్చినప్పుడు వాళ్లను ప్రకాశం నుంచి తీసి నెల్లూరులో కలిపారు, కాబట్టి అంతకుముందు కాగితం ఏదైనా కావాలంటే ప్రకాశం పేరుతో వెతకాలి, బిఫోర్ కోలన్ పెట్టి ఆ తేదీ ఇవ్వాలి. ఊరి పేరు ఒక ఆఫీసు చివర 'యు' పెట్టి రాస్తుంది, ఇంకో ఆఫీసు పెట్టదు. రెండు స్పెల్లింగులూ రాసి మధ్యలో పెద్దక్షరాల్లో ఓఆర్ అని పెడితే ఏ రకంగా రాసినా దొరుకుతుంది.

అయితే ఇన్ని విద్యలూ పనిచెయ్యని చోట్లున్నాయి. 'అను' అనే పాత ఫాంట్లలో టైపు చేసిన తెలుగు పీడీఎఫ్‌లు మన కంటికి తెలుగే, గూగుల్‌కు మాత్రం పిచ్చి గీతలు. మీ ఈపేపరు సంగతీ అంతే సార్, పేజీలు ఫోటోల్లా పెడతారు, నిరుడు మీరే వేసిన వార్త మాకు దొరకదు. ఇదివరకు సైటు తెరుచుకోకపోతే గూగుల్ దాచిన కాపీ అన్నా చూసేవాళ్లం, 2024లో అదీ తీసేశారు, ఇప్పుడు పాత వెబ్ పేజీల కాపీలు దాచిపెట్టే వేబ్యాక్ మెషీన్ సైటే దిక్కు.

అందుకే అడుగుతున్నాను. ప్రభుత్వ ఉత్తర్వు గురించి వార్త వేసినప్పుడు కింద ఒక్క లైను, జీవో నంబరు, తేదీ, శాఖ పేరు ఇంగ్లీషులో వెయ్యండి. ఆ నంబరు కోట్స్‌లో పెట్టి కొడితే ఆ కాగితం నెట్‌లో ఉంటే చాలావరకు నిమిషంలో దొరికిపోతుంది. మీ విలేకరి దగ్గర ఆ కాగితం ఎలాగూ ఉంటుంది కదా. సినిమా పేజీకి ఉన్న జాగాలో ఇదెంత?

విడవలూరు పెద్దాయన నిన్న మళ్లీ వచ్చాడు, ఈసారి కరెంటు రాయితీ కటింగ్‌తో. మీ పేపరే. నంబరు లేదు.

ఇట్లు,
ఒక నెట్ సెంటర్ నిర్వాహకుడు,
కావలి, నెల్లూరు జిల్లా