మిర్చి యార్డు గుమాస్తాను కోడింగ్‌కు పెట్టుకుంటే

సంపాదకులకు నమస్కారం.

కోడ్ రాసిపెట్టే ఏఐ సహాయకులకు మన కుర్రాళ్లు ముద్దుపేర్లు పెట్టి, యాస నేర్పి, రకరకాల వేషాలు కట్టిస్తున్నారు. ఉబుసుపోక చేసే పని అని సీనియర్లు కొట్టిపారేస్తుంటారు. ఉబుసుపోకే, కాదనం. అయితే వేషం సరిగ్గా కడితే పనికొస్తుంది, అడ్డదిడ్డంగా కడితే ఉన్న పని చెడగొడుతుంది. విజయవాడ, గుంటూరు కాలేజీల్లో ఫైనలియర్ ప్రాజెక్టులు చేసేవాళ్లకు అక్కరకొస్తాయని కొన్ని సంగతులు రాస్తున్నాం.

ముందు, ఎక్కడ రాయాలి? రోజూ చాట్‌లో "నువ్వు ఫలానా" అని మొదటికి రానక్కర్లేదు. క్లాడ్ కోడ్ అనే సహాయకుడైతే ప్రాజెక్టు ఫోల్డరులోని క్లాడ్ డాట్ ఎండీ ఫైలును, కోడెక్స్ అనే ఇంకో సహాయకుడైతే ఏజెంట్స్ డాట్ ఎండీని పని మొదలెట్టేటప్పుడే చదువుకుంటాయి. చుక్కకు ముందున్న పేరంతా ఇంగ్లీషు పెద్ద అక్షరాల్లో ఉండాలి. రెండు సాధనాలూ వాడే జట్టు ఒకే పాఠాన్ని రెండు ఫైళ్లలో రాసుకుంటే నెల తిరిగేసరికి ఒకటి మారుతుంది, రెండోది మారదు. అసలు పాఠం ఏజెంట్స్ ఫైల్లో పెట్టి, క్లాడ్ ఫైల్లో ఎట్ గుర్తు (@) వేసి దాని పేరొక్కటే రాస్తే చాలు, లోపలికి తెచ్చుకుంటుంది.

వేషం మాత్రం జట్టు ఫైల్లో వద్దు. అది ఎవరి ముచ్చట వాళ్లది. హోమ్ ఫోల్డరులోని డాట్ క్లాడ్ లోపల ఇంకో క్లాడ్ డాట్ ఎండీ పెట్టుకుంటే మీ ప్రాజెక్టులన్నిటికీ వర్తిస్తుంది, మీకు మాత్రమే. లేదంటే అది జట్టంతా కోడ్ పంచుకునే గిట్‌లోకి ఎక్కి, జట్టులోని అమ్మాయిల్ని కూడా పొద్దున్నే "బాబాయ్" అని పలకరిస్తుంది.

"సరదాగా, చలాకీగా మాట్లాడు" అని రాస్తే వాక్యానికో ఎమోజీ, మధ్యమధ్యలో "దయచేసి గమనించగలరు" వస్తాయి. విశేషణాల కంటే నమూనా మాటలు బాగా పట్టుకుంటుంది. ఉదాహరణకి ఇలా రాయొచ్చు: "నువ్వు గుంటూరు మిర్చి యార్డులో పాత గుమాస్తావి. నన్ను బాబాయ్ గారూ అని పిలు, మీరు అని మన్నించు. టిక్కీ (మిర్చి బస్తా) తూకం కళ్లారా చూడందే పద్దు రాయవు. అంటే టెస్టు నడిపి ఫలితం చూపించందే అయిపోయింది అనవు. మాటతీరు ఇదీ: బాబాయ్ గారూ, తూకంలో తేడా వచ్చింది. 14వ పంక్తిలో క్వింటాలుకు 1000 కిలోలు వేశాం. మార్చమంటారా?"

ఇంతే. అయిదారు పంక్తులు దాటితే అనవసరం. గుమాస్తానే ఎందుకంటే, ఆ వేషంలోనే పనితీరు ఉంది: అనుమానం, సరిచూసుకోవడం, అడిగి మార్చడం. "నువ్వు ప్రపంచంలోకెల్లా గొప్ప ప్రోగ్రామర్‌వి" అని కిరీటం పెడితే తెలివి పెరగదు, ధీమా పెరుగుతుంది. లేని ప్యాకేజీ (వేరేవాళ్లు రాసిపెట్టిన తయారు కోడ్) పేరు ఉన్నట్టే చెప్పే జబ్బు వీటికి అసలే ఉంది. అలాంటి పేర్లతో దొంగ ప్యాకేజీలు ఎక్కించి కాచుకుని కూర్చునేవాళ్లూ ఉన్నారు. కాబట్టి "కొత్త ప్యాకేజీ చేర్చే ముందు అడుగు" అన్న పంక్తి తప్పనిసరి. ఇక భజనపరుడి వేషం అన్నిటికన్నా చేటు: మీరు తప్పు దారి చెప్పినా ఆహా అంటుంది. "నేను పొరబడితే మొహమాటపడకుండా చెప్పు" అని రాసి తీరాలి.

వేషం చాట్‌లోనే ఉండాలని కూడా స్పష్టంగా రాయండి. రాయకపోతే కోడ్ మార్పుల వెంట రాసే కమిట్ సందేశాల్లో, కామెంట్లలో, చివరికి వాడకందారుకు కనబడే ఎర్రర్ మాటల్లో కూడా గుమాస్తా గొంతు వినబడుతుంది. బిల్లు కట్టబోయిన రైతుకు "తూకం తేడా బాబాయ్" అని తెర మీద కనబడితే బాగుండదు కదా. డేటా తొలగించడం, డబ్బు లెక్క, పాస్‌వర్డ్: ఈ మూడు వచ్చినచోట నాటకం ఆపి ఉన్నదున్నట్టు చెప్పమనాలి.

పని నియమాలు కొలతతో ఉండాలి. "మంచి కోడ్ రాయి" అంటే దానికి ఏమీ చెప్పనట్టే. "డబ్బును పైసల్లో పూర్ణాంకంగా ఉంచు, దశాంశాల్లో వద్దు" అంటే చెప్పినట్టు, జావాస్క్రిప్ట్‌లో 0.1, 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది మరి. "చూపించేటప్పుడు 12,34,567 పద్ధతిలో కామాలు వెయ్యి", "టెస్టు తప్పితే టెస్టును తీసెయ్యకు, కోడ్ దిద్దు", "ఫైలు పేర్లు, కమాండ్లు తెలుగు లిపిలోకి మార్చకు" ఇలాంటివి. (పత్రిక కోసం మేమే మార్చి రాస్తున్నాం, అది వేరే సంగతి.)

తెలుగు పాఠంతో పనిచేసే ప్రాజెక్టయితే "పొడవును అక్షరాల్లో లెక్కపెట్టు, కోడ్ పాయింట్లలో కాదు" అన్నది చేర్చండి. కోడ్ పాయింట్లంటే అక్షరానికి, గుణింతపు గుర్తుకు కంప్యూటరు విడివిడిగా ఇచ్చే సంఖ్యలు. సరిచూడ్డానికి మన తెనాలి రామకృష్ణుడి బిరుదే చాలు. వికటకవి ఎటునుంచి చదివినా ఒకటే. కంప్యూటరుకు మాత్రం అది 5 అక్షరాలు కాదు, 7 కోడ్ పాయింట్లు, యూటీఎఫ్-8లో 21 బైట్లు. గుడి విడిగా ఉంటుంది గనుక, మామూలుగా తిరగేస్తే గుడి ముందుకొచ్చి వకారం చివరికి పోతుంది. "ఎటు చదివినా ఒకటి కాదు" అని జవాబిస్తుంది. జావాస్క్రిప్ట్‌లో పాఠాన్ని అక్షరాలుగా విడదీసే ఇంటల్ సెగ్మెంటర్‌తో విడగొట్టి తిరగేస్తే సరిగ్గా వస్తుంది.

ముద్దుపేరుకు ఇంకో ఉపయోగం ఉంది, ఇది సీనియర్లు కూడా ఒప్పుకుంటారు. సంభాషణ సాగేకొద్దీ ముందు చెప్పినవాటి పట్టు సడలుతుంది, పాత భాగాన్ని కుదించి సారాంశం చేసుకుంటుంది. నియమాలు ఎప్పుడు జారిపోయాయో మనకు తెలియదు. "బాబాయ్ గారూ" మాయమైందంటే మిగతా నియమాలూ జారుతున్నాయని గ్రహించి కొత్త సెషన్ తెరవాలి. పిలుపు ఉంది కదా అని అన్నీ పాటిస్తోందని మాత్రం అనుకోవద్దు. ఫైలు మార్చినప్పుడు కూడా కొత్త సెషన్‌లోనే పరీక్షించండి.

ఈ ఫైలు కంచె కాదు, కంచెకు తగిలించిన బోర్డు. పాస్‌వర్డులున్న డాట్ ఈఎన్‌వీ ఫైలు చదవకూడదనుకుంటే క్లాడ్ కోడ్ సెట్టింగుల ఫైలు సెట్టింగ్స్ డాట్ జేసన్‌లో డినై (నిషేధం) కింద రాయాలి, వేషధారిని బతిమాలితే సరిపోదు. పైగా ఫైల్లో రాసిందంతా మోడల్ నడిపే సంస్థ సర్వరుకు వెళ్తుంది. ఖాతాదారుల ఫోన్ నంబర్లు, రహస్య తాళాలు (కీలు) అందులో పెట్టకండి.

తయారు ఫైళ్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. తెచ్చుకునేవాళ్లు మొత్తం చదివి పెట్టుకోవాలి. కంటికి కనబడని యూనికోడ్ అక్షరాల్లో దొంగ ఆదేశాలు దాచొచ్చు. కనబడనివన్నీ ఒక్క దెబ్బకు తుడిచేద్దామంటే మనకు ఇంకో చిక్కు: సాఫ్ట్‌వేర్, ఫేస్‌బుక్ లాంటి మాటల మధ్య ఉండే జీరో విడ్త్ నాన్ జాయినర్ (అక్షరాలు కలవకుండా ఆపే కనబడని గుర్తు) కూడా పోయి ఒత్తులు కలిసిపోతాయి. దాన్ని వదిలేసి మిగతావి వెతకండి. అనుమానం వచ్చిన పంక్తిని కాపీ చెయ్యకుండా చేత్తో మళ్లీ టైపు చేసుకోండి.

ఇట్లు,
కొందరు ప్రోగ్రామర్లు,
బ్రాడీపేట, గుంటూరు.