మీ తోట మట్టి సంగతి

తిరుపతి,
ఆదివారం

ఒరే మునీ,

మీ మామిడితోట ఎర్రమట్టిలో రేర్ ఎర్త్స్ (ఎలక్ట్రానిక్స్‌లో వాడే సీరియం, యూరోపియం లాంటి లోహాలు) ఉన్నాయని ఎవరో చెప్తే ఎగిరి గంతేశావంట. ఉండేది నిజమేరా! ఆ చెప్పినోడి పెరట్లోనూ ఉంటాయి. భూమి పైపొరలో సీరియం రాగికంటే ఎక్కువ, టన్నుకు సుమారు 60 గ్రాములు. ఎంతుందని కాదు, ఏ రూపంలో ఉందని అడగాల.

చిత్తూరు పక్క అడుగురాయి ఎక్కువగా గ్రానైటు, నైసు. వాటిలో రేర్ ఎర్త్స్ దాచుకున్న అపటైటు, అలనైటు, మోనజైటు, జిర్కాన్ అనే ఖనిజాల గింజలుంటాయి. వానకు అపటైటు తొందరగా కరుగుతుంది. మోనజైటు, జిర్కాన్ మొండివి, ఇసుకలో అట్లే మిగిలిపోతాయి. కరిగి బయటపడిన రేర్ ఎర్త్స్ బంకమట్టికీ, ఇనుము, మాంగనీసు ఆక్సైడ్లకీ అతుక్కుంటాయి. దక్షిణ చైనాలో తీసేది ఈ అతుక్కున్న బాపతే. అమ్మోనియం సల్ఫేటు నీళ్లకు బంకమట్టి వాటిని వదిలేస్తుంది. అక్కడ వేడీ తేమా కలిసి రాయి చానా లోతు మెత్తబడింది. మీ తోటలో గడ్డపార దించితే ఖంగుమంటుంది కదా!

అయినా చూడాలంటే ఇట్లా చెయ్. గట్లు, పేడకుప్ప, చెట్టు మొదలు వదిలేసి 8, 10 చోట్ల తవ్వు. సూపర్ ఫాస్ఫేటు వేసిన పాదులు అసలే వద్దు, ఫాస్ఫేటు రాతిలోని రేర్ ఎర్త్స్ దాంతోపాటు వచ్చేస్తాయి. 0-15 సెంటీమీటర్లది, 15-30ది వేర్వేరు సంచుల్లో పెట్టు. సీరియం గాలి తగిలితే ఆక్సైడై ఉన్నచోటే కూర్చుంటుంది, తోటి రేర్ ఎర్త్స్ కిందికి దిగిపోతాయి; పైమట్టి ఒక్కటే చూస్తే లెక్క తప్పుతుంది. నీడన ఆరబెట్టి, 2 మిల్లీమీటర్ల జల్లెడ పట్టి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురువి పారేస్తూ అరకిలోకి తగ్గించు.

ల్యాబులో ఆక్వారీజియాతో (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) సరిపెడితే ఒప్పుకోవద్దు, మొండి గింజలు కరగవు. లిథియం మెటాబోరేటు అనే ఉప్పుతో కలిపి 1000 డిగ్రీల దగ్గర కరిగించమను. వాళ్లు తీసుకునేది 0.1 గ్రాము, మైదాలాగా నూరకపోతే ఒక్క మోనజైటు గింజ పడినా అంకె ఎగిరిపోతుంది. రెండుసార్లు చేయించు. ఇంకో పొట్లం అమ్మోనియం సల్ఫేటుతో మాత్రమే కడిగి, బంకమట్టికి అతుక్కున్నవి ఎన్ని వస్తాయో చూడమను. నీ ఆశంతా తేలేది ఆ అంకెలోనే.

యూరోపియం ఎక్కువ చూపిస్తే అప్పుడే సంబరపడొద్దు. అణువుల బరువును బట్టి మూలకాలు లెక్కపెట్టే ఐసీపీ-ఎంఎస్ యంత్రంలో బేరియం ఆక్సైడు సరిగ్గా దాని బరువుతోనే కనబడుతుంది, గ్రానైటు మట్టిలో బేరియానికి కొదవా? రిపోర్టు ఫోటో పంపేటప్పుడు బేరియం గడి కత్తిరించకుండా పంపు.

నీ
శీనుగాడు