ముసురు రోజుల్లో సముద్రం: అమ్మణ్ణికి నాన్న ఉత్తరం

అమ్మణ్ణీ,

నిన్న రాత్రి ఫోన్లో నీ గొంతు విన్నాక నాకు సరిగా నిద్ర పట్టలేదు. మీ ఆఫీసు తరఫున వాతావరణ హెచ్చరిక చెప్పడానికి మచిలీపట్నం ఒడ్డుకు వెళ్తే వేటకు పోయేవాళ్ళు "ఈ మాత్రం వానకే వేట మానేస్తే ఇంక మేం తిన్నట్టే, నువ్వు ఇంటికి పో తల్లీ" అన్నారని, నీ కళ్ళ ముందే ఫైబర్ బోట్లు కాలువ నీళ్ళు సముద్రంలో కలిసే మొగ దాటి వెళ్ళిపోయాయని చెప్పావు. నువ్వు చేసింది సరైన పనే. వాళ్ళ మాటలో ఆకలి ఉంది, అదీ నిజమే. వేట నిషేధం ఉండే ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా అయితే ప్రభుత్వం భృతి ఇస్తుంది, ఈ వాన రోజులకు ఎవరిస్తారు? డీజిలుకు అప్పు, ఐసుకు అప్పు, వలకు అప్పు. పైగా వాన పడ్డాక రొయ్య బాగా పడుతుందని, మార్కెట్లో సరుకు లేక రేటు బాగుంటుందని వాళ్ళకు తెలుసు. ఇన్నేళ్ళు బోటు నడిపే సరంగుగా చేసినవాణ్ణి, ఆ లెక్కలు నేనూ వేసుకున్నవే. ఫోన్లో చెబితే సగం మాటలు సిగ్నల్లోనే పోతాయి, అందుకని రాస్తున్నా, తీరిగ్గా చదువుకో.

తుఫాను వచ్చిన రోజున నీ పని తేలిక. టీవీల వాళ్ళు చెబుతారు, కలెక్టరు గారు చెబుతారు, పోర్టులో ప్రమాద సూచిక ఎక్కుతుంది, పోలీసులు ఒడ్డున నిలబడతారు, ఎవరూ పడవ దించరు. నీతో అసలు అవసరం పడేది తుఫాను అని ఎవరూ అనని ఈ నవంబరు, డిసెంబరు ముసురు రోజుల్లో. నేను చూసినంతలో ఒడ్డు దగ్గర బోట్లు తిరగబడింది ఎక్కువగా ఇలాంటి రోజుల్లోనే.

ఎందుకో ముత్తుకూరు ఫిషరీస్ కాలేజీలో నీకు చెప్పే ఉంటారు, అయినా మా భాషలో విను. అక్టోబరు నుంచి గాలి ఈశాన్యానికి తిరుగుతుంది. ఆ గాలి బంగాళాఖాతం మీద పొడవునా ప్రయాణం చేసి నీటిని మోసుకొచ్చి మన ఒడ్డున పోస్తుంది, అందుకే మన నెల్లూరుకు నైరుతి కంటే ఈ 3 నెలల్లోనే వాన ఎక్కువ. గాలికి నీళ్ళ మీద ఎంత దూరం దొరికితే అల అంత పెరుగుతుంది. ఇప్పుడు శ్రీలంక దగ్గర ఒక అల్పపీడనం కూర్చుందనుకో, "అదెక్కడో శ్రీలంక దగ్గర, మనకేం" అంటారు. కానీ అదే సమయంలో ఉత్తరాన చలి గాలి బరువుగా ఉంటుంది, అక్కడ పీడనం ఎక్కువ, ఇక్కడ తక్కువ, ఆ రెండింటి మధ్యలో ఉన్న మన తీరం మీద ఈశాన్య గాలి బిగుసుకుంటుంది. తుఫాను లేదు, వాయుగుండం కూడా లేదు, అయినా రోజుల తరబడి సముద్రం కల్లోలంగానే ఉంటుంది. నిన్న నీ ముందు జరిగింది అదే.

ఇంకొకటి, వానను చూసి సముద్రాన్ని అంచనా వెయ్యనివ్వకు. కుండపోత పడుతున్నా గాలి లేకపోతే బోటు నడుస్తుంది. ఎండ కాస్తూ గాలి లేకుండా, కెరటం మాత్రం బరువుగా, ఒకదానికీ ఇంకోదానికీ మధ్య చాలా ఎడంతో వస్తోందంటే భయపడాలి. అది ఇక్కడ పుట్టిన అల కాదు, దూరాన ఎక్కడో పెద్ద గాలి లేపి పంపిన అల. ఇక్కడి గాలికి లేచే అల 5, 6 సెకండ్లకు ఒకటి వస్తుంది. దూరం నుంచి వచ్చేది 10, 12 సెకండ్లకు ఒకటి. 12 సెకండ్ల కెరటాలు గంటకు 30 కిలోమీటర్ల పైనే ప్రయాణిస్తాయి, తుఫాను అంత వేగంగా నడవదు కదా, అందుకే దాని కంటే ముందు దాని కెరటం వచ్చి తలుపు తడుతుంది. మా నాన్న కాలంలో గడియారం లేకపోయినా ఊపిరి లెక్కతో ఈ తేడా కనిపెట్టేవాళ్ళు. నువ్వు ఫోన్ తీసి ఒడ్డున నిలబడి లెక్కపెట్టు, 10 కెరటాలకు ఎంతసేపు పట్టిందో చూసి 10తో భాగించు, చాలు. వాళ్ళ ముందే లెక్కపెట్టు.

ఇప్పుడు అంకెల సంగతి. "వేటకు వెళ్ళరాదు" అని వాట్సాప్‌లో వచ్చిన మెసేజీని అలాగే గ్రూపులో పెడితే ఎవరూ చదవరు, ఎందుకంటే ఈ రెండు నెలల్లో ఆ మాట వాళ్ళు లెక్కలేనన్ని సార్లు విన్నారు. అందులో గాలి ఎంత, అల ఎంత, ఏ పూట నుంచి ఏ పూట దాకా అన్నది విప్పి చెప్పు. గాలి గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, మధ్య మధ్య 65 అని వాతావరణ శాఖ బులెటిన్‌లో ఉందనుకో. మొన్న 30లో వెళ్ళొచ్చాంగా, ఇంకో 15 ఎక్కువైతే ఏంటి అంటారు. గాలి వేగం ఒకటిన్నర రెట్లయితే బోటును తోసే బలం రెండు రెట్ల పైన అవుతుందని చెప్పు. ఆ మధ్య మధ్య 65 అన్నదే మనుషుల్ని తీసుకుపోయేది, వల లాగుతూ అందరూ ఒక పక్కకు ఒరిగి ఉన్నప్పుడు ఆ విసురు తగిలితే సర్దుకునే టైము ఉండదు.

అల ఎత్తు విషయంలో ఇంకా జాగ్రత్త. ఇన్‌కాయిస్ అనే సముద్ర సమాచార కేంద్రం వాళ్ళు హైదరాబాదు నుంచి ఇచ్చే సముద్ర సమాచారంలో 2.5 మీటర్లు అని ఉంటే అన్ని అలలూ 2.5 అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు తీసుకుని వాటికి కట్టిన సగటు అది. అంటే వందల అలల్లో ఏదో ఒకటి దానికి దాదాపు రెట్టింపు ఉండొచ్చు. మీటర్లలో చెబితే పెద్దవాళ్ళకు ఎక్కదు, బారల్లో చెప్పు, బార అంటే దాదాపు ఆరడుగులేగా. "సుమారు బారన్నర అల నడుస్తోంది, మధ్యలో రెండున్నర బారలది కూడా రావచ్చు" అంటే తల ఎత్తి నీ వైపు చూస్తారు. 2.5 నుంచి 4 మీటర్ల దాకా ఉంటే బులెటిన్‌లో అల్లకల్లోలం అంటారు, ఆ పైన 6 దాకా తీవ్ర అల్లకల్లోలం. ఫైబర్ బోటుకు మొదటిదే ఎక్కువ.

మీ గిలకలదిండి మొగ గురించి నాకు అసలు టెన్షన్. నడి సముద్రంలో తట్టుకున్న బోటు మొగ దగ్గర ముక్కలవుతుంది. అక్కడ ఇసుక మేట వేసి లోతు తక్కువ, లోతు తగ్గేసరికి కెరటం అడుగు భాగం నెమ్మదించి పైకి లేచి విరుగుతుంది. పాటు వేళ నీళ్ళు బయటికి లాగుతుంటాయి, వానలకు మురుగు కాలువల నీళ్ళు కూడా తోడవుతాయి, లోపలికొచ్చే కెరటానికి ఎదురుగా ఆ ప్రవాహం తగిలితే అల నిటారుగా లేచి నిలబడుతుంది. అదే అల, నీళ్ళు లోపలికి ఎక్కే పోటు వేళ సగం కోపంతో ఉంటుంది. కాబట్టి నువ్వు రాసే ప్రతి హెచ్చరికలో ఆ రోజు పోటు ఎన్ని గంటలకో కూడా రాయి. అమావాస్య, పున్నమి రోజుల్లో పోటు పాట్ల లాగుడు ఎక్కువ, అష్టమి దగ్గర తక్కువ, ఈ లెక్క వాళ్ళకు నీకంటే బాగా తెలుసు, నువ్వు గంట చెబితే మిగతాది వాళ్ళే కలుపుకుంటారు. తొందరపడి వచ్చెయ్యకుండా బయటే లోతులో లంగరు వేసుకుని పోటు కోసం ఆగితే ఎన్ని బోట్లు బతుకుతాయో. పెద్ద బోట్లకు ఈ ఆగడం అలవాటే, చిన్న బోట్లే ఆత్రపడతాయి.

ఇంజన్ ఆగిపోతే ఎటు కొట్టుకుపోతారో కూడా గుర్తుపెట్టుకో. ఎండాకాలంలో మన తీరం వెంబడి నీరు ఉత్తరానికి నడుస్తుంది, ఈ కాలంలో దక్షిణానికి. ఈశాన్య గాలి కూడా అటే తోస్తుంది. మీ దగ్గర బోటు కనిపించకపోతే ముందు నిజాంపట్నం, వాడరేవు, ఇటు రామాయపట్నం, మా తుమ్మలపెంట వైపు ఫోన్లు కొట్టు. కోస్ట్ గార్డు 1554కు చెప్పేటప్పుడు చివరిసారి ఎన్ని గంటలకు, ఎన్ని బారల లోతులో ఉన్నారో చెబితే వాళ్ళకు వెతకాల్సిన చోటు తగ్గుతుంది. దానికి ముందు నీ దగ్గర ఒక పుస్తకం ఉండాలి: బోటు నంబరు, మనుషులెంతమంది, ఎటు వెళ్తున్నారు, ఎప్పుడొస్తామన్నారు. ఎవరూ అడక్కపోయినా రాసుకో. వెళ్ళేవాళ్ళను ఆపలేకపోయిన రోజున ఆ పుస్తకమే ముఖ్యం.

చలి సంగతి పుస్తకాల్లో తక్కువ రాస్తారు. ఈ కాలంలో తెల్లవారుజామునే జల్లు ఎక్కువ, అప్పుడే బోట్లు దించుతారు. తడిసిన బట్టతో ఈశాన్య గాలిలో కొన్ని గంటలు కూర్చుంటే బోటులో పనిచేసే కళాసీ వేళ్ళు కొంకర్లు పోతాయి, తాడు ముడి విప్పలేడు, చుక్కాని పట్టు జారుతుంది. కుర్రాళ్ళు బయటికి చెప్పరు. ప్లాస్టిక్ సంచిలో మూతి కట్టి పొడి బట్టలు ఒక జత, గొడుగు గుడ్డ ఒకటి పెట్టుకోమను. లైఫ్ జాకెట్ వలకు అడ్డమొస్తుందని అంటారు, కనీసం మొగ దాటేటప్పుడైనా, వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ వేసుకోమని అడుగు. అక్కడ వల పని ఉండదు కదా.

ఇక తుఫాన్ల గురించి కొంచెమే రాస్తా. 1977 నవంబరు 19 దివిసీమ గురించి మీ ఊళ్ళో ముసలివాళ్ళను అడిగితే చెబుతారు, అడిగి విను. 1996 నవంబరు 6న కాకినాడకు దక్షిణంగా కొట్టిన తుఫాను పెద్దగా ఊరూరా తిరిగి భయపెట్టి రాలేదు, ఒడ్డుకు దగ్గర్లోనే బలపడి కొట్టింది, సముద్రంలో ఉన్నవాళ్ళు ఉన్నట్టే పోయారు. 2017లో ఓఖీ కూడా అంతే, కన్యాకుమారి, కేరళ వైపు లోతు వేటకు వెళ్ళినవాళ్ళకు కబురే అందలేదు. ఒడ్డు నుంచి కొంత దూరం దాటాక ఫోన్ పనిచెయ్యదు, అదే ఇప్పటికీ మన సమస్య. ఒడ్డున ఉన్నవాళ్ళకు చెప్పడం రెండో పని, ఇప్పటికే వారం పదిరోజుల వేటలో ఉన్నవాళ్ళకు చేర్చడం మొదటి పని. ఏ బోటులో వీహెచ్‌ఎఫ్ రేడియో సెట్ ఉంది, ఎవరి దగ్గర శాటిలైట్ పరికరం ఉంది, ఎవరు ఎవరికి దగ్గర్లో వేట చేస్తారు, ఇవన్నీ వాతావరణం బాగున్న రోజుల్లోనే ఓనర్ల దగ్గర కనుక్కుని పెట్టుకో. అల్పపీడనం అని మొదటి మాట వినబడగానే వాళ్ళకు కబురు వెళ్ళాలి, వాయుగుండం అయ్యేదాకా ఆగకు.

2023 డిసెంబరు 5న మిచాంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది గుర్తుందా. తీరం వెంబడే నెమ్మదిగా నడిచి మన జిల్లాను ముంచేసింది. తుఫాను చుట్టూ గాలి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది కాబట్టి అది ఉత్తరానికి పోతూ మమ్మల్ని ఎడమ పక్క వదిలింది, మాకు గాలి నేల వైపు నుంచి వచ్చింది. మీ మచిలీపట్నం కుడి పక్క, అక్కడ గాలి నీళ్ళను ఒడ్డు మీదికి తోసింది. పోర్టులో ప్రమాద సూచిక 5వ నంబరుకూ 6వ నంబరుకూ తేడా ఇదే, 5 అంటే పోర్టు తుఫాను దారికి ఎడమ పక్క, 6 అంటే కుడి పక్క, 7 అంటే దాదాపు నెత్తి మీదే. 8, 9, 10 కూడా ఇదే వరుస, తుఫాను తీవ్రత ఎక్కువైనప్పుడు. నంబరు పెరిగిందని కాకుండా ఇలా విడమర్చి చెబితే మా వయసు సరంగులు కూడా ఆగి వింటారు. నేల గాలి ఉన్నప్పుడు ఒడ్డు దగ్గర నీళ్ళు పల్చగా, నున్నగా కనబడతాయి, దాన్ని చూసి వెళ్ళినవాడు వెనక్కి రావడానికి గాలికి ఎదురు ఈదాలి, అది కూడా చెప్పు.

నువ్వు ఆడపిల్లవని, కొత్తదానివని వాళ్ళు వినరని నువ్వు అనుకుంటున్నావు. అది కొంత ఉండొచ్చు. కానీ ఒడ్డున మాట చెల్లేది ఎప్పుడూ వద్దు అనేవాళ్ళది కాదు. ఊరి పెద్దలు వేటకు పోరాదని దురాయి, అంటే కట్టుబాటు, వేస్తే ఒక్క బోటు కూడా కదలదు కదా, ముందు వాళ్ళ దగ్గర కూర్చుని ఈ అంకెలు చూపించు, ఒకటికి రెండుసార్లు నీ లెక్క నిజమైందంటే మూడోసారి వాళ్ళే నిన్ను పిలుస్తారు. అలాగే మీ ఆఫీసు వాళ్ళు హెచ్చరిక ఎత్తేశామని చెప్పడం మర్చిపోతారేమో, నువ్వు మర్చిపోకు. రేపటి బులెటిన్‌లో గాలి తగ్గి అల దిగుతుందని ఉంటే, ఫలానా పూట నుంచి వెళ్ళొచ్చు అని నువ్వే వెళ్ళి చెప్పు. ఆ మాట నీ నోటి నుంచి వచ్చిందంటే, ఆ తర్వాత నువ్వు వద్దన్న రోజున వాళ్ళు బోటు దించే ముందు ఆలోచిస్తారు.

నిన్న వెళ్ళిన బోట్లు అన్నీ తిరిగొచ్చాయా లేదా, ఈ ఉత్తరం చదవగానే ఒక మెసేజీ పెట్టు. అమ్మ ఎండు నెత్తళ్ళు, నిమ్మకాయ పచ్చడి కట్టి పెట్టింది, ఆదివారం బస్సులో పంపిస్తా. వర్షంలో తడిసి ఆ మోటారు బండి మీద తిరగకు, రెయిన్‌కోటు కొనుక్కో, డబ్బులు వేస్తాను.

ఉంటాను,
నాన్న