'అ' దగ్గర మొదలైన పని ఎప్పటికి పూర్తవుతుంది?

సంపాదకుల వారికి,

కొమర్రాజు లక్ష్మణరావు గారి వర్ధంతి వార్త మీ పత్రికలో వచ్చి పది రోజులైంది. రాద్దామా వద్దా అనుకుంటూ ఇన్నాళ్లూ ఆగాను. ఫొటోకి దండ వేశారు, ప్రసంగాలు చేశారు, శాలువాలు కప్పుకున్నారు. ఆయన ప్రాణం పెట్టిన తెలుగు విజ్ఞాన సర్వస్వం (ఎన్‌సైక్లోపీడియా) సంగతి ఒక్కరైనా ఎత్తినట్టు వార్తలో లేదు.

మాది నందిగామ. ఆయన పుట్టిన పెనుగంచిప్రోలు మాకు పక్కనే. అక్కడి తిరుపతమ్మ తిరునాళ్లకు వచ్చే జనంలో ఆ సంగతి ఎందరికి తెలుసు? ఆయన తెచ్చిన మూడు సంపుటాలూ 'అ' అక్షరంతోనే సరిపోయాయి. 1923లో 46 ఏళ్లకే పోయారు. తర్వాత ఆ పని నెత్తికెత్తుకున్న కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గారు 1938లో పోయారు. 1947లో మరికొందరు పెద్దలు తెలుగు భాషా సమితి పెట్టి, అక్షరక్రమం వదిలి చరిత్ర, రాజకీయాలు ఇలా విషయాలవారీగా సంపుటాలు తెచ్చారు. ఆ పెద్దల కష్టాన్ని మనం ఏం చేశాం?

మా మనవరాలి స్కూల్ ప్రాజెక్టు కోసం ఆ సంపుటాలు చూద్దామని వాళ్లుండే ఊళ్లో లైబ్రరీకి వెళ్లాను. బీరువా తాళం సారు దగ్గరుంది, సారు లీవులో ఉన్నారన్నారు. మూడోసారి వెళ్తే తీశారు. అట్ట చేతిలోకి ఊడి వచ్చింది. మొదటి పేజీ నుంచి చివరిదాకా పురుగు తొలిచిన రంధ్రం, మేకు దిగ్గొట్టినట్టు. పేజీ తిప్పితే అంచు పొడిపొడిగా రాలింది. నాకు కళ్లనీళ్లు తిరిగాయి. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతూనే ఉన్నాం కదా! కొత్త పుస్తకాలు కొనరు, పాతవి బైండింగ్ చేయించరు, ఖాళీ పోస్టులు నింపరు. అడిగితే ఫండ్స్ లేవంటారు.

లక్ష్మణరావు గారు నాగపూర్‌లో చదువుకుని మరాఠీలో కూడా వ్యాసాలు రాసిన మనిషి. ఆ మరాఠీ వాళ్లు 20 సంపుటాల విశ్వకోశం పూర్తిచేసి ఇంటర్నెట్‌లో పెట్టుకున్నారు. మహారాష్ట్ర ప్రభుత్వం దానికోసం ప్రత్యేకంగా ఒక మండలినే నడుపుతోంది. మనకు రెండు ప్రభుత్వాలున్నాయి. ఆస్తుల పంపకంలో చూపిన పట్టుదల ఇందులోనూ చూపాలి. ఖర్చు చెరిసగం వేసుకుని, ఉన్న సంపుటాలన్నీ స్కాన్ చేయించి పిల్లలకు ఉచితంగా అందించాలి. జీతాలిచ్చి సంపాదకులను పెట్టి కొత్త సంపుటాలు మొదలుపెట్టాలి. ఈలోగా బీరువాల్లో ఉన్నవాటికి పురుగుమందు కొట్టించి, బైండింగ్ చేయించమని సంబంధిత అధికారులను కోరుతున్నాను.

- ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నందిగామ