జనం రావడం లేదా, తలుపు తీయడం లేదా?

సంపాదకులకు,

కిందటి వారం మీ జిల్లా పేజీలో మ్యూజియాల మీద వచ్చిన వార్త గురించి ఇది. సెల్‌ఫోన్లు వచ్చాక జనానికి చరిత్ర మీద ఆసక్తి పోయిందని, అందుకే మ్యూజియాలు వెలవెలబోతున్నాయని ఓ అధికారి అందులో తెగ బాధపడిపోయారు. ఎవరో ఒకరు జవాబు రాయకపోతారా అని ఇన్నాళ్ళూ చూశాను. ఎవరూ రాయలేదు.

ఆ అధికారిగారు వీలు చూసుకుని ఒకసారి హైదరాబాదు వెళ్ళి, సాలార్‌జంగ్ మ్యూజియంలో మధ్యాహ్నం పన్నెండుకి కాస్త ముందు నిలబడాలని మనవి. ఈమధ్య నేనూ మా స్నేహితుడూ వెళ్ళాం. ఆయన ఇరిగేషన్‌లో లస్కరుగా, అంటే కాలువల కాపలా చూసే చిన్న ఉద్యోగిగా చేసి రిటైరయ్యాడు, సర్వీసంతా కాలువల మీద పడవల్ని దాటించే లాకుల దగ్గరే గడిచింది. అక్కడ గడియారం ముందు కూర్చోవడానికి చోటు దొరకలేదు. పిల్లల్ని భుజాలకెత్తుకున్న తండ్రులు, ఫోన్లు పైకెత్తి వీడియోలు తీసేవాళ్ళు. అవును, అవే సెల్‌ఫోన్లు! లోపల కమ్మరి బొమ్మ సెకనుకో దెబ్బ కొడుతూ ఉంటుంది. టైమవగానే గడ్డపు బొమ్మ ఒకటి బయటికొచ్చి గంట కొట్టి మళ్ళీ లోపలికి పోతుంది. పన్నెండు గంటలూ కొట్టడం అయ్యేదాకా అంత జనంలో ఒక్కరు మాట్లాడితే ఒట్టు. అయ్యాక మావాడు నా చెవిలో అన్నమాట: "మాస్టారండీ, చూశారాండీ! టైముకి డ్యూటీకొచ్చాడు, పని చేశాడు, తలుపేసుకుని వెళ్ళాడు. ఇలాంటి స్టాఫుని నా సర్వీసులో చూడలేదండీ."

అక్కడే ఉన్న ముసుగు రెబెక్కా దగ్గర ఆయన్ని కదిలించడం నా వల్ల కాలేదు. ఇటలీ శిల్పి బెంజోని చెక్కిన ఆ పాలరాతి బొమ్మని నిజాం దివాను మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నారు. రాతిలోంచి మొహం కనబడటమేమిటని ఆయన పక్కకి వంగి, వెనక్కి వెళ్ళి, మళ్ళీ ముందుకొచ్చి చూశాడు. కాలేజీ చదువు లేని మనిషి. ఈయనకేనా ఆసక్తి లేనిది?

ఇక మన గోదావరి డెల్టా సంగతి. మన దగ్గరా ఓ చిన్న మ్యూజియం ఉంది. పేరు రాయను, చూసినవాళ్ళకి చెప్పక్కర్లేదు. పని రోజున, పనివేళలోనే వెళ్తే గేటుకి తాళం. తాళంచెవి గల మనిషి మీటింగుకి వెళ్ళాడని పక్క టీకొట్టతను చెప్పాడు. మీటింగు ముగిసి ఆయన రాగా లోపలికి వెళితే ట్యూబులైటు వెలగనా మాననా అంటోంది. శిల్పాల కింద చీటీలు ఎండకి వెలిసి తెల్లకాగితాలయ్యాయి. నంది వీపు మీద తడి తువ్వాలు ఆరేసి ఉంది. ఇదేమిటని అడిగితే "ఇప్పుడే తీసేస్తానండి" అన్నాడు, పాపం, మర్యాదగానే. ఇలాంటిచోటికి జనం రాలేదని ఏడవడం దేనికి?

పోనీ చూపించడానికి సరుకు లేదా? ద్రాక్షారామం గోడల మీద, స్తంభాల మీద శాసనాలు. ఆదుర్రులో చక్రం ఆకారంలో పునాది వేసిన బౌద్ధ స్తూపం. ఒకప్పుడు ఓడలు కట్టి, 1839 ఉప్పెనకి తుడిచిపెట్టుకుపోయిన కోరింగ రేవు. ఉప్పాడ జాందానీ చీరలు, నరసాపురం లేసు. వీటిలో సగం మా స్కూలు పిల్లలకి పేర్లు కూడా తెలియవు.

అన్నిటికన్నా మా కాలువలు. 1852కల్లా కాటన్ దొర ధవళేశ్వరం ఆనకట్ట పూర్తి చేస్తే, ఆ కాలువలు పొలాలు తడపడమే కాదు, రోడ్లూ అయ్యాయి. కాకినాడలో బయల్దేరిన పడవ ఏలూరు కాలువ, కృష్ణ దాటి, కొమ్మమూరు, బకింగ్‌హాం కాలువల మీదుగా మద్రాసు చేరేది. దోవలో నీటిమట్టం మారినచోటల్లా లాకు. పడవ లోపలికి రాగానే కింది తలుపులు మూసి, పైనీళ్ళు వదిలితే పడవ దానంతటదే పైకి లేస్తుంది. అప్పుడు పై తలుపులు తీస్తారు. మోటారు లేదు, కరెంటు లేదు. దీన్ని నీళ్ళతో పనిచేసే నమూనాగా కట్టి, రోజుకి రెండుసార్లు ఓ చిన్న పడవని ఎత్తి చూపించమనండి, పిల్లలు ఎగబడతారో లేదో తేలిపోతుంది. ధవళేశ్వరంలో కాటన్ మ్యూజియం ఉంది, కాదనను. ఆనకట్ట కట్టిన దొరని మనం దేవుడిలా చూసుకుంటాం, అదీ న్యాయమే. ఆ కాలువల మీద బతికిన, పడవలు నడిపిన సరంగులకీ లస్కర్లకీ ఓ గదైనా అక్కర్లేదా? లాకుల సంగతులన్నీ నోటికి చెప్పగలిగిన మావాడిలాంటి వాళ్ళు ఇంకా ఉన్నారు. అడిగేవాడే లేడు.

డబ్బుల్లేవంటారేమో. గట్టు మీద ఊరి పేరుతో "ఐ లవ్" అక్షరాలు నిలబెట్టడానికి, వాటికి రంగుల లైట్లు పెట్టడానికి డబ్బులు ఎక్కడినుంచి వస్తున్నాయో! ఏళ్ళ తరబడి సాగుతున్న కోటిపల్లి–నరసాపురం రైలు మార్గం గురించి అడిగినా ఇదే పాట. ఇప్పటికీ కోనసీమవాళ్ళం హైదరాబాదు రైలెక్కాలంటే బయటి ఊరి దాకా బస్సులో కుదుపులు తినాల్సిందే.

2027లో గోదావరి పుష్కరాలొస్తున్నాయి. కొత్త భవనాలు కట్టమని అడగడం లేదు, కట్టినా వాటికీ తాళమే వేస్తారు. ముందు ఆ మ్యూజియం గేటు మీద తెరిచే వేళలు, తాళంచెవి ఎవరి దగ్గరుంటుందో తెలుగులో రాయించండి. కింద ఫోను నంబరు వేయించండి, చేస్తే ఎత్తే నంబరు.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
అమలాపురం